పాత కోర్టు జరిమానా, సస్పెండైన డ్రైవింగ్ లైసెన్సు: ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగువారికి ఒక మార్గదర్శిని

పర్లాకిమిడిలో ఇల్లు, పాతపట్నంలో కొట్టు ఉన్న మనిషి రోజుకు రెండుసార్లు మహేంద్రతనయ దాటుతాడు గాని రాష్ట్రం దాటుతున్నానని అనుకోడు. రాయగడ నుంచి పార్వతీపురానికి, జయపురం నుంచి సుంకి ఘాటు మీదుగా సాలూరుకు, బరంపురం నుంచి ఇచ్ఛాపురానికి బండి నడిపేవారి సంగతీ అంతే. ఏడెనిమిదేళ్ల కిందట ఆ దారిలో ఎక్కడో ఆపి రాసిన కేసు ఎవరికీ గుర్తుండదు. లైసెన్సు రెన్యువలుకు దరఖాస్తు పెట్టినప్పుడో, బండి అమ్మబోయినప్పుడో, ఠాణా నుంచి కబురు వచ్చినప్పుడో అది మళ్లీ ఎదురవుతుంది. అటువంటి పాత చిక్కును ఏ క్రమంలో విప్పుకోవాలో ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా ఒక విషయం మనసులో స్థిరపరచుకోవాలి. కోర్టు జరిమానా ఒక దస్త్రం, లైసెన్సు సస్పెన్షను మరొక దస్త్రం. మొదటిది మేజిస్ట్రేటు కోర్టులో ఉంటుంది, రెండోది చాలాసార్లు రవాణా శాఖ లైసెన్సింగు అధికారి దగ్గర ఉంటుంది. జరిమానా కట్టినంత మాత్రాన లైసెన్సు తిరిగి రాదు, సస్పెన్షను గడువు తీరినంత మాత్రాన కోర్టు వారంటు రద్దు కాదు. పైగా మన సరిహద్దులో ఈ రెండు దస్త్రాలూ రెండు రాష్ట్రాల్లో ఉండే అవకాశం ఉంది. ఒక రాష్ట్రంలో ఇచ్చిన లైసెన్సు దేశమంతటా చెల్లుతుంది గనుక, శ్రీకాకుళంలో పుట్టిన లైసెన్సు మీద గజపతి జిల్లా కోర్టు అనర్హత విధించవచ్చు, కోరాపుట్‌లో పుట్టిన లైసెన్సు మీద విజయనగరం కోర్టూ విధించవచ్చు. ఈ తేడా తెలియక ఒక కార్యాలయంలో డబ్బు కట్టి, పని అయిపోయిందనుకుని బండి తీసి, రెండో కార్యాలయం చేతికి చిక్కినవారు మన మధ్య చాలామందే ఉన్నారు.

“కోర్టు జరిమానా కట్టలేదు” అన్న మాటకు మూడు అర్థాలు

ఈ మాట చెప్పేవారిలో ఎక్కువమందికి నిజానికి ఇంకా ఏ జరిమానా పడి ఉండదు. మొదటి రకం వారికి పోలీసులు లేదా బ్రేక్ ఇన్‌స్పెక్టరు చలానా రాస్తారు. వారు దానిని రాజీ రుసుముగా, అంటే కోర్టుకు వెళ్లకుండానే కేసు ముగించే సొమ్ముగా, కట్టకపోవడంతో అది కోర్టుకు వెళుతుంది, కాని కోర్టు ఇంకా విచారించి ఉండదు. రెండో రకం వారికి సమన్లు వస్తాయి, లేదా వచ్చినట్టు రికార్డులో రాసి ఉంటుంది. వాయిదాకు హాజరు కాకపోవడం వల్ల కోర్టు వారంటు జారీ చేస్తుంది. మూడో రకం వారికి మాత్రమే నేరం రుజువై లేదా ఒప్పుకున్న మీదట జరిమానా పడి, గడువు ఇచ్చినా అది చెల్లించకుండా మిగిలి ఉంటుంది. ఈ మూడింటికీ మందు ఒకటి కాదు. మొదటి రకం వారు ఇంట్లో కూర్చుని కట్టగలిగే సందర్భాలున్నాయి, రెండో రకం వారు తప్పనిసరిగా కోర్టు గడప ఎక్కాలి, మూడో రకం వారు ముందుగా తీర్పు నకలు చదవాలి. కాబట్టి తాను ఏ రకమో తేల్చుకోకుండా ఎవరి చేతిలోనూ ఒక్క రూపాయి పెట్టకూడదు. కోర్టు ఆవరణలో “నేను చూసుకుంటాను, ఐదువేలివ్వండి” అనే పెద్దమనుషులు బతికేది ఈ తేడా తెలియనివారి మీదనే.

దస్త్రం ఎక్కడుందో కనుక్కోవడం

ఈ పనిలో అత్యంత ఓపిక కావలసిన ఘట్టం ఇదే, అందుచేత దీని గురించి కాస్త ఎక్కువగా చెబుతాను. మొదట, సంఘటన ఏ ఠాణా పరిధిలో జరిగిందో గుర్తు చేసుకోవాలి. కేసు ఎప్పుడూ ఆ ఠాణా ఏ మేజిస్ట్రేటు కోర్టు పరిధిలోకి వస్తుందో అక్కడికే పోతుంది, మీ ఇల్లు ఏ రాష్ట్రంలో ఉందన్నది దానికి అనవసరం. ఒడిశా వైపు ఇది సాధారణంగా సబ్‌డివిజన్ కేంద్రంలోని ఎస్‌డీజేఎం (సబ్‌డివిజనల్ జ్యుడీషియల్ మేజిస్ట్రేటు) కోర్టుకో, జేఎంఎఫ్‌సీ (ఫస్టు క్లాసు జ్యుడీషియల్ మేజిస్ట్రేటు) కోర్టుకో వెళుతుంది. ఆంధ్ర వైపు ఫస్టు క్లాసు మేజిస్ట్రేటు అధికారాలున్న జూనియర్ సివిల్ జడ్జి కోర్టుకు వెళుతుంది. ఆంధ్రలో 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారి పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడింది గనుక, కోర్టు వెబ్‌సైటులో కొత్త జిల్లా పేరు కింద కేసు కనిపించకపోతే పాత విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల పేర్ల కింద కూడా వెతకాలి.

దేశంలోని కింది కోర్టుల కేసులను చూపే ఈకోర్ట్స్ సేవల వెబ్‌సైటులోనూ, ఫోను యాప్‌లోనూ కేసును నాలుగైదు విధాలుగా వెతకవచ్చు. ప్రతి కేసుకూ విడిగా ఇచ్చే పదహారు అక్షరాంకెల గుర్తింపు సంఖ్య, అంటే సీఎన్‌ఆర్ నంబరు, తెలిస్తే ఒక్క నిమిషం పని. తెలియకపోతే పార్టీ పేరుతో, ఏడాదితో వెతకాలి. ఇక్కడే సరిహద్దు తెలుగువారికి ఒక ప్రత్యేకమైన చిక్కు ఎదురవుతుంది. ఒడియాలో మన వకారం బకారంగా పలుకుతుంది, రాతలోనూ అలాగే దిగుతుంది. ఠాణాలో రాసుకున్న వెంకటరావు కోర్టు రికార్డులో బెంకట రావు అయి ఉంటాడు, రవి రబి అవుతాడు, విశ్వనాథం బిశ్వనాథ్ అవుతాడు. ఇంటిపేరు సంగతి ఇంకా గడ్డు. ఆంధ్ర పోలీసు దానిని ముందు రాస్తాడు, ఒడిశా గుమస్తా చివరకు తోస్తాడు, ఒక్కోసారి అది పూర్తిగా జారిపోయి తండ్రి పేరు మాత్రమే మిగులుతుంది. అందువల్ల ఒక్క వర్ణక్రమంతో వెతికి “కేసు లేదు” అని నిర్ధారించుకోవడం పొరపాటు. ఇంగ్లీషు అక్షరాల్లో వీ బదులు బీ పెట్టి ఒకసారి, ఇంటిపేరుతో ఒకసారి, పేరులో మొదటి నాలుగైదు అక్షరాలతో ఒకసారి, సంఘటన జరిగిన ఏడాదితో పాటు ఆ మరుసటి ఏడాదిలో కూడా వెతకాలి. డిసెంబరులో రాసిన కేసు ఫిబ్రవరిలో నంబరు కావడం మామూలే.

కేసు నంబరులోని అక్షరాలు కూడా దారి చూపుతాయి. ఆంధ్ర వైపు చిన్న కేసులు ఎస్‌టీసీ (సమ్మరీ ట్రయల్ కేసు) అన్న వరుసలో, కొంచెం పెద్దవి సీసీ (క్యాలెండరు కేసు) వరుసలో ఉంటాయి. ఒడిశా వైపు అధికారులు నేరుగా పంపిన నివేదికలు 2(సీ) సీసీ వరుసలోను, ఠాణాలో ఎఫ్‌ఐఆర్ అయినవి జీఆర్ (జనరల్ రిజిస్టరు) వరుసలోను కనిపిస్తాయి. మీ కేసు జీఆర్ వరుసలో ఉంటే అది ఒట్టి ట్రాఫిక్ జరిమానా కాకపోవచ్చు, ప్రమాదంలో ఎవరికైనా దెబ్బ తగిలిన కేసు కావచ్చు. దానిని న్యాయవాది లేకుండా ముట్టుకోకండి.

ఇంటర్నెట్టులో దొరకనిది కోర్టులో దొరుకుతుంది. ఈ-సేవా కేంద్రం ఉన్న కోర్టు సముదాయాల్లో కేసు ఏ దశలో ఉందో అక్కడే చూసి చెబుతారు. చాలా పాత కేసు అయితే ఆ కోర్టు బెంచి క్లర్కును, ఒడిశా కోర్టుల్లో అందరూ పేష్కార్ అని పిలిచే ఆ ఉద్యోగినే, సంఘటన తేదీ, ఠాణా, బండి నంబరు రాసిన చీటీతో అడగాలి. 2012కు ముందు ఒడిశా బండ్లకు ఓడీ బదులు ఓఆర్ నంబర్లు ఉండేవి గనుక పాత రిజిస్టర్లలో బండి నంబరు ఆ రూపంలోనే ఉంటుంది. ఒడియాలో వచ్చిన సమను మీకు చదవరాకపోతే ఊహించుకోవద్దు. కోర్టు పేరు, కేసు నంబరు, సెక్షన్లు, హాజరు తేదీ అన్న నాలుగు వివరాలనూ చదవడం వచ్చినవారి చేత చదివించి, అంకెలను మామూలు అంకెల్లో వేరే కాగితం మీద రాయించుకోండి.

చలానా దశలోనే ఉన్నట్టు తేలితే పని సులువు. కేంద్ర రవాణా శాఖ పరివాహన్ వారి ఈ-చలానా వెబ్‌సైటులో బండి నంబరు లేదా లైసెన్సు నంబరు వేసి చూడవచ్చు. అక్కడ “కోర్టుకు పంపబడినది” అని ఉండి, ఆ రాష్ట్రంలో వర్చువల్ కోర్టు (ఇంటర్నెట్టు మీదే చలానాలు తేల్చే కోర్టు) ఉంటే, దాని వెబ్‌సైటులో బండి నంబరుతో వెతికితే, మేజిస్ట్రేటు నిర్ణయించిన మొత్తం కనిపిస్తుంది. నేరం ఒప్పుకుని అక్కడే కట్టవచ్చు, ఒప్పుకోను అంటే కేసు మామూలు కోర్టుకు మారుతుంది. ఈ రెంటిలో ఏది ఎంచుకున్నా ఆ క్షణాన వచ్చే రసీదును తప్పక ముద్రించి పెట్టుకోవాలి.

వారంటు ఉన్నప్పుడు

జనం ఎక్కువగా భయపడేదీ, భయపడి ఎక్కువగా చెడగొట్టుకునేదీ ఇక్కడే. ఒక వారంటు జారీ అయిన తరువాత, దానిని జారీ చేసిన కోర్టు రద్దు చేసేదాకా లేదా పోలీసులు అమలు చేసేదాకా అది బతికే ఉంటుంది. ఏళ్లు గడిచాయి గనుక చచ్చిపోయిందనుకోవడం భ్రమ. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడులో 70వ సెక్షను చెప్పిన ఈ మాటనే 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 72వ సెక్షనులో చెబుతున్నది. అలాగని తలుపు తట్టేదాకా ఇంట్లో ఉండడమూ మంచిది కాదు. తనంతట తాను హాజరై వారంటు రద్దు కోరిన మనిషిని మేజిస్ట్రేటు చూసే చూపు వేరు, పోలీసులు శనివారం సాయంత్రం పట్టి తెచ్చిన మనిషిని చూసే చూపు వేరు.

చేయవలసినది ఇది. ఒక న్యాయవాదికి వకాల్తా ఇచ్చి, కేసు వాయిదా తేదీకి ముందే విచారణకు తెప్పించే దరఖాస్తు, వారంటు రద్దు కోరే దరఖాస్తు కలిపి వేయించాలి. ఎందుకు హాజరు కాలేకపోయారో అందులో నిజం రాయాలి. సమను పాత చిరునామాకు వెళ్లిందనో, పని కోసం వలస పోయామనో ఉంటే దానికి ఆధారం జతపరచాలి. ఆ రోజు ఉదయం కోర్టు మొదలయ్యే వేళకే మీరు స్వయంగా ఉండాలి, ఆధార్ కార్డుతో పాటు జామీను ఇవ్వగల మనిషి ఒకరు వెంట ఉండడం మంచిది. సరిహద్దులో మరో కష్టం ఉంది. ఒడిశా కోర్టులో ఆంధ్ర ఊరివాడిని జామీనుగా చూపితే అతని ఆస్తి పత్రాలు అక్కడ సరిచూడడం కష్టమని కోర్టు సందేహించవచ్చు. కాబట్టి వీలైనంతవరకు కోర్టు ఉన్న జిల్లాలోనే ఉండే బంధువునో స్నేహితుడినో అడగాలి. చిన్న కేసుల్లో సాధారణంగా కోర్టు కొంత ఖర్చు విధించి వారంటు తీసేస్తుంది, నేరం ఒప్పుకునే ఉద్దేశం మీకుంటే అదే రోజున కేసునూ తేల్చేయవచ్చు.

షెడ్యూల్డు కులాలవారికి, తెగలవారికి, మహిళలకు, చట్టం చెప్పిన మరికొన్ని వర్గాలవారికి ఆదాయంతో పని లేకుండా, మిగతావారికి ఆదాయ పరిమితిని బట్టి, 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షను కింద ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. జిల్లా కోర్టులోని న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయంలో అడగవచ్చు, లేదా 15100 నంబరుకు ఫోను చేయవచ్చు. మన కొండ ప్రాంతాల డ్రైవర్లలో ఈ హక్కు ఉన్నవారు ఎంతోమంది. అడిగేవారు మాత్రం తక్కువ.

వారంటు రద్దయిన తరువాత ఒక పని అందరూ మరచిపోతారు. కోర్టు రద్దు ఉత్తర్వును ఠాణాకు పంపుతుంది, కాని అది చేరి, అక్కడి రిజిస్టరులో నమోదయ్యేసరికి కొంత కాలం పట్టవచ్చు. నాకు తెలిసిన ఒక వ్యాను డ్రైవరు వారంటు రద్దు చేయించుకున్న మూడు వారాలకు మళ్లీ అదే వారంటు కింద తనిఖీలో ఆగిపోయాడు. ఉత్తర్వు నకలు ఇంట్లో బీరువాలో ఉంది, ఫోనులో ఫోటో లేదు. ధృవీకరించిన నకలుకు దరఖాస్తు ఆ రోజే పెట్టి, అది వచ్చాక ఒక ప్రతిని ఠాణాలో ఇచ్చి, రెండో ప్రతి మీద ముట్టినట్టు సంతకం, తేదీ వేయించుకోండి.

ఎంత కట్టాలి, ఎలా కట్టాలి

పాత కేసులో అసలు ప్రశ్న ఏ రేటు వర్తిస్తుందన్నది. మోటారు వాహనాల సవరణ చట్టం పెంచిన జరిమానాలు 2019 సెప్టెంబరు 1 నుంచి అమలులోకి వచ్చాయి. నేరం జరిగిన నాటికి చట్టంలో ఉన్న శిక్షకు మించి విధించరాదని రాజ్యాంగం 20వ అధికరణం మొదటి క్లాజు చెబుతున్నది. కాబట్టి 2017లో మొదటిసారి తాగి నడిపిన కేసుకు నాటి గరిష్ఠ జరిమానా రెండువేల రూపాయలే, నేటి పదివేలు కాదు. లైసెన్సు లేకుండా నడిపిన కేసుకు నాటి గరిష్ఠం ఐదువందలు, నేడు అది ఐదువేలు. కోర్టు గుమస్తా చెప్పిన అంకె మీకు అనుమానంగా ఉంటే, సంఘటన తేదీని న్యాయవాదికి మళ్లీ గుర్తు చేయండి. అలాగని పాత తేదీ ఉంటే చాలు కేసు పోతుందని కూడా అనుకోరాదు. జరిమానా మాత్రమే శిక్షగా ఉన్న నేరానికి ఆరు నెలల్లోను, ఏడాది వరకు జైలు ఉన్న నేరానికి ఏడాదిలోను కోర్టు కేసును చేపట్టాలన్న కాలపరిమితి ఉన్నమాట నిజమే గాని, కేసు దాఖలైన తేదీని బట్టి ఆ లెక్క చూడాలని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2013లో తేల్చింది. పోలీసులు గడువులోపల దాఖలు చేసి ఉంటే, కోర్టు సమను నాలుగేళ్లకు వచ్చినా ఆ వాదన నిలవదు.

తీర్పు వచ్చి జరిమానా మిగిలిపోయిన మూడో రకం వారు ముందుగా తీర్పు నకలులో “చెల్లించని పక్షంలో” అని మొదలయ్యే వాక్యం చదవాలి. అందులో ఎన్ని రోజుల సాధారణ జైలు అని రాసి ఉంటుంది. డబ్బు కట్టిన క్షణాన ఆ జైలు ముగుస్తుంది, కొంత కట్టితే ఆ మేరకు తగ్గుతుంది. మొత్తం ఒకేసారి కట్టలేనివారు నాగరిక సురక్షా సంహిత 464వ సెక్షను కింద, అంటే పాత కోడు 424వ సెక్షను కింద, ముప్పై రోజుల గడువో, రెండు మూడు వాయిదాలో కోరవచ్చు. జరిమానాను చరాస్తి జప్తు ద్వారాను, కలెక్టరు ద్వారా భూమి శిస్తు బకాయిలాగాను వసూలు చేసే అధికారం కోర్టుకు ఉంది. తీర్పు నాటి నుంచి ఆరేళ్లలోపు వసూలు చేయాలన్న నియమమూ శిక్షాస్మృతిలో ఉంది. ఆ ఆరేళ్లను ఆశ్రయంగా చేసుకుని దాక్కోవాలన్న సలహా నేను ఎవరికీ ఇవ్వను. ఆ గడువు వసూలుకే గాని తీర్పుకు రాని కేసులోని వారంటుకు వర్తించదు. ఈ రెండూ కలిపి చూసి మోసపోయినవారే ఎక్కువ.

జాతీయ లోక్ అదాలత్ మరో తలుపు. ఏడాదికి సాధారణంగా నాలుగుసార్లు, శనివారాల్లో జరుగుతుంది. హెల్మెట్టు, సీటు బెల్టు, అతివేగం, పర్మిటు వంటి రాజీకి వీలైన కేసులను అక్కడ ముగించుకోవచ్చు, అక్కడి తీర్పు (అవార్డు) మీద అప్పీలు ఉండదు. తాగి నడిపిన నేరానికి వర్తించే మోటారు వాహనాల చట్టం 185వ సెక్షను రాజీకి వీలైన నేరాల జాబితాలో లేదు. ఆ కేసును లోక్ అదాలత్‌లో తేల్చేస్తామని ఎవరైనా డబ్బు అడిగితే నమ్మకండి.

డబ్బు ఏ మార్గంలో కట్టినా కోర్టు రసీదు మీ పేరున, కేసు నంబరుతో ఉండాలి. రసీదు మీద పేరు బెంకట రావుగా, లైసెన్సు మీద వెంకటరావుగా ఉంటే అదే రోజు దిద్దించుకోండి. ఆరు నెలల తరువాత రవాణా కార్యాలయంలో ఆ ఒక్క అక్షరమే మీ దస్త్రాన్ని ఆపుతుంది.

లైసెన్సు సంగతి

ముందుగా మీ లైసెన్సు నిజంగా సస్పెండైందా, లేక ఊరికే స్వాధీనం చేసుకున్నారా అన్నది చూడాలి. పోలీసులు లైసెన్సు తీసుకుని ఇచ్చే తాత్కాలిక రసీదు, దాని మీద రాసిన తేదీ వరకు బండి నడపడానికి అనుమతే. సస్పెన్షను ఉత్తర్వు అయితే అది వేరు. రవాణా శాఖ లైసెన్సుల వెబ్‌సైటు అయిన సారథిలో లైసెన్సు నంబరు, పుట్టిన తేదీ వేసి చూస్తే దాని స్థితి కనిపిస్తుంది. చాలా పాత పుస్తకం లైసెన్సు అయితే అందులో ఉండకపోవచ్చు, అప్పుడు దానిని ఇచ్చిన కార్యాలయంలో బ్యాక్‌లాగ్ నమోదు (పాత వివరాలను కంప్యూటరులో ఎక్కించడం) చేయించుకున్నాకే మిగతా పని.

సస్పెన్షను రెండు దారుల్లో వస్తుంది. కోర్టు విధించేది ఒకటి: తాగి నడిపిన నేరానికి శిక్ష వేసే కోర్టు కనీసం ఆరు నెలల అనర్హత విధించి తీరాలని మోటారు వాహనాల చట్టం 20వ సెక్షను అంటుంది. లైసెన్సింగు అధికారి విధించేది రెండోది: 2019 సవరణ తరువాత హెల్మెట్టు లేకపోయినా, బండి మీద ముగ్గురు ఎక్కినా వెయ్యి రూపాయల జరిమానాతో పాటు మూడు నెలల అనర్హత ఉంది. వెయ్యి కట్టి మరచిపోయిన మనిషికి ఆ మూడు నెలల సంగతి రెన్యువలు రోజున తెలుస్తుంది. అధికారి ఉత్తర్వు ఇచ్చే ముందు మీ వాదన వినాలి, ఉత్తర్వు అందిన ముప్పై రోజుల్లో దాని మీద అప్పీలు చేయవచ్చు. నోటీసు పాత చిరునామాకు పోయి మీకు అందనేలేదంటే, ముందు సమాచార హక్కు చట్టం కింద ఉత్తర్వు నకలు, నోటీసు పంపిన తపాలా ఆధారం అడగండి. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. ఆ నకలులో ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అన్నది లేకుండా ముందుకు పోవద్దు.

గడువు తీరాక లైసెన్సు దానంతట అదే చేతికి రాదు. లైసెన్సింగు అధికారి విధించిన సస్పెన్షనుకు 19వ సెక్షను ఒక షరతు పెట్టింది: గుర్తింపు ఉన్న డ్రైవింగు శిక్షణ సంస్థలో పునశ్చరణ శిక్షణ పూర్తి చేస్తేనే లైసెన్సు తిరిగి ఇస్తారు. ఆ శిక్షణ ధృవపత్రం, కోర్టు ఉత్తర్వు నకలు, జరిమానా రసీదు, లైసెన్సు అప్పగించినప్పుడు ఇచ్చిన రసీదు, గుర్తింపు పత్రం జతచేసి దరఖాస్తు ఇవ్వాలి. ఉత్తర్వు ఇచ్చినది ఒక రాష్ట్రపు కార్యాలయం, లైసెన్సు ఇచ్చినది మరో రాష్ట్రపు కార్యాలయం అయితే, ముందు ఉత్తర్వు ఇచ్చినవారి చేత సస్పెన్షను ముగిసిందని రాయించుకోవాలి, ఆ కాగితంతో లైసెన్సు ఇచ్చిన కార్యాలయానికి పోవాలి. తలకిందులుగా వెళితే రెండు చోట్లా “అక్కడ అడగండి” అనే మాటే వినిపిస్తుంది. దానిలో ఉద్యోగుల దురుద్దేశమేమీ లేదు, ఎవరి దస్త్రం వారిది.

ఈలోపల బండి నడపరాదు. అనర్హత ఉండగా నడిపితే 182వ సెక్షను కింద మూడు నెలల వరకు జైలు, పదివేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. బండి ఇచ్చిన యజమాని 180వ సెక్షను కింద ఇరుక్కుంటాడు. ఇక ఆ సమయంలో ప్రమాదం జరిగితే బీమా కంపెనీ బాధితుడికి చెల్లించిన సొమ్మును యజమాని దగ్గర తిరిగి వసూలు చేసుకునే ప్రమాదం ఉంది, అది జరిమానాతో పోల్చదగినది కాదు. మన ప్రాంతంలో మరో దారి కూడా సలహాగా తిరుగుతుంటుంది: ఒడిశాలో సస్పెండైతే ఆంధ్రలో బంధువుల చిరునామా మీద కొత్త లైసెన్సు తీసుకోమని. ఒక మనిషికి రెండు లైసెన్సులు ఉండరాదని చట్టం ఆరో సెక్షను నుంచే చెబుతున్నది. అనర్హత ఉండగా కొత్త లైసెన్సుకు దరఖాస్తు చేయడమే 182 కింద నేరం. ఇప్పుడు ఒడిశా, ఆంధ్ర లైసెన్సులు రెండూ సారథిలోనే ఉంటాయి గనుక పేరు, పుట్టిన తేదీ, ఫోటో దగ్గర ఆ ప్రయత్నం పట్టుబడవచ్చు.

చివరగా లైసెన్సు గడువు తేదీ చూడాలి. సస్పెన్షనులో ఉండగానే గడువు తీరిపోయి, తీరిన తరువాత ఏడాది దాటితే, రెన్యువలు సరిపోదు, మళ్లీ డ్రైవింగు పరీక్షకు నిలబడవలసి వస్తుంది. నలభై ఏళ్లు దాటినవారు, రవాణా బండ్లు నడిపేవారు ఫారం 1ఏ వైద్య ధృవపత్రం కూడా తీసుకుపోవాలి. దరఖాస్తు ఆమోదమైందన్న సందేశం ఫోనుకు వచ్చిన తరువాత కూడా సారథిలో స్థితి “యాక్టివ్” అని కనిపించేదాకా ఆగి, ఆ పేజీని ముద్రించి, వారంటు రద్దు ఉత్తర్వు, జరిమానా రసీదులతో కలిపి ఒక కవరులో బండిలో ఉంచుకోండి. గిరిసోల, సుంకి తనిఖీల దగ్గర ఆపినప్పుడు చూపడానికి కనీసం ఆరు నెలలు ఆ కవరు అక్కడే ఉండాలి.